మందు అలవాటు

"తొమ్మిదిన్నర! ఏడు దాటకూడదయ్యా. రక్తంలో యూరిక్ యాసిడ్ ఇంతుంటే కీళ్ళలో సూదుల్లా పేరుకుంటుంది. రేపు కిడ్నీలకీ ఎసరు పెడుతుంది. మాంసం తింటావా?"

"ఒక్కడి కోసం ఎవరు వండుతారండీ?" లిఫ్టాయన ఉబ్బిన బొటనవేలిని కుర్చీ కిందికి జరుపుకున్నాడు.

"పోనీ, మందు అలవాటుందా?"

"ఉందండి."

డాక్టరు కలం ఆగింది. దాని కింద కంపెనీవాళ్ళ ఫిట్‌నెస్ కాగితం ఉంది. 'పనికొస్తాడు' అని రాయకపోతే రేపట్నుంచి లిఫ్టులో వేరేవాడు. పన్నెండంతస్తుల జనం రోజంతా అతని భుజం రాసుకుంటూ నిలబడి అంకెలకేసి చూస్తారు, అతనికేసి చూడరు. చూడకపోతే మానె, పక్కన ఊపిరైనా వినబడుతుంది. గదికి పోతే అదీ లేదు.

"ఎప్పుడు వేసుకుంటావు?"

"పొద్దున్నేనండి. టీ కూడా తాగకముందు."

"పరగడుపునా! ఎవరితో?"

"ఎవరున్నారండీ. నేనూ, మంచినీళ్ళ గ్లాసూ."

"ఎంత?"

"మొదట్లో సగమే. చాలక, ఇప్పుడు నిండా ఒకటి."

"చూశావా! అది అంతే, పెరుగుతూనే పోతుంది. ఒక్కపూట మానలేవూ?"

"మానితే కళ్ళు తిరుగుతాయండి. ప్రాణం మీదికొస్తుందేమోనని భయం."

"బానిసైపోయావయ్యా! తాగొచ్చి పదిమందిని లిఫ్టులో ఎక్కించుకుంటావా?" డాక్టరు కాగితం మీద 'తాగుడు' అని బరికేశాడు.

లిఫ్టాయన నోరు తెరిచాడు. "తాగుడేంటండీ? నేను మింగుతాను!" చొక్కా జేబులోంచి బిళ్ళల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగేళ్ళ నుంచి ఇదే మందు."

డాక్టరు అట్ట తిప్పి చూశాడు. బీపీ బిళ్ళ. ఒంట్లో నీరు లాగేసే రకం. 'తాగుడు' కొట్టేశాడు గానీ, కోపం దిగలేదు. దారి మళ్ళింది.

"యూరిక్ యాసిడ్‌ని ఇది కూడా పెంచుతుందయ్యా! నీ అంతట నువ్వు మానకు, నేను వేరేది రాస్తాను. నాలుగేళ్ళా! ఒక్కసారి రక్తం చూడలేదు, నీ మొహమైనా చూశాడో లేదో. ఏ గాడిద రాశాడు నీకిది?"

తన కోసం ఒక మనిషి కోప్పడి ఎన్నేళ్ళయిందో. లిఫ్టాయనకి ఆ కోపాన్ని ఇంకాసేపు ఉండనిద్దామనిపించింది. కాగితం మీద సంతకమూ ఇంకా పడలేదు. కానీ పెద్దమనిషి అడిగాడు కదా.

"తమరేనండి."