పిడక మీద అగ్గి

డెబ్బైనాలుగులో మొగుడు పోయినంక ఆదెమ్మకు మంచం దిగబుద్ధయ్యేది కాదు. అయినా తెల్లారితే చాలు, పక్కింటి గుల్జార్‌బీ పిడక పట్టుకుని వాకిట్లో నిలబడేది.

"అక్కా, కాస్త అగ్గి ఇయ్యి."

"అగ్గిపెట్టెకు గూడా గతిలేదా నీకు?" అని తిడతానే ఆదెమ్మ లేచి పొయ్యి ముట్టించేది. ముట్టించినంక ఇద్దరికీ టీ కాచేది.

ఒకనాడు గుల్జార్‌బీ రాలేదు. ఆదెమ్మే పిడక మీద అగ్గి పెట్టుకుని వాళ్లింటికి పోయింది. గుల్జార్‌బీ కాలు బెణికి కూచోనుంది. పక్కనే పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది.

"ఎప్పుడు ముట్టించినావే?"

"రోజూ నమాజుకు ముందే అక్కా," అంది గుల్జార్‌బీ తల వంచుకుని.

మర్నాడు తెల్లారేసరికి ఆదెమ్మే గుల్జార్‌బీ వాకిట్లో పిడక పట్టుకుని నిలబడింది.

"నా అగ్గిపెట్టె వానకు నానిపోయిందే. కాస్త అగ్గి ఇయ్యి."

ఆళ్లగడ్డలో వాన పడి ఆర్నెల్లయింది.