ఆఖరి కిటికీ

"ఏ పేరో ఇంకా తేల్చలేదాండి?" నిచ్చెన మీంచి అడిగాడు పెయింటర్ బుల్లియ్య.

రాజరత్నం మాస్టారు పొద్దుటి నుంచి ఆ కిటికీ ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు.

నరసాపురం రేవు పక్కనున్న ఆ చర్చికి కిందటేడు తుఫానులో కిటికీలన్నీ పోయాయి. కుటుంబానికి ఒకటి చొప్పున సంఘంలో వాళ్ళే కొత్తవి పెట్టించారు. కింద చనిపోయినవాళ్ళ పేరు, పైన దేవుడి పేర్లలో ఒకటి.

యెహోవా యీరే అంటే సమకూర్చేవాడు. యెహోవా రాఫా అంటే బాగుచేసేవాడు. సంతలో కూరగాయలు ఏరుకున్నట్టు ఎవరికి నచ్చింది వాళ్ళు ఏరుకుపోయారు. మాస్టారి కిటికీ ఒక్కటే మిగిలింది.

తెల్లారితే ప్రతిష్ఠ.

"సువార్తమ్మ గారి జ్ఞాపకార్థం" అని కింద రాయడం అయిపోయింది. పైన ఖాళీ.

"కష్టంలో ఎవరికి ఎలా కనబడ్డాడో అదే ఆయన పేరు మాస్టారూ. మీ అమ్మగారికి ఎలా కనబడ్డాడో ఆలోచించండి," అని చెప్పి పాస్టరు గారు వెళ్ళిపోయారు.

అక్కడే వచ్చింది చిక్కు. అమ్మ పడ్డ కష్టమేమిటో రాజరత్నానికి తెలియదు. ఆవిడ రోజూ ప్రార్థనలో ఏడ్చేది. ఎందుకమ్మా అంటే కళ్ళు తుడుచుకుని లేచిపోయేది. ఈ వేసవిలో పోయేముందు కూడా ఏదో చెప్పబోయి, కొడుకు తల నిమిరి ఊరుకుంది. కొడుకై ఉండి ఆ మాత్రం తెలుసుకోలేకపోయానే అని అతనికి లోపల ఒకటే గుబులు.

"బాబూ."

చర్చి మెట్ల మీద ఒక ముసలావిడ. వెలిసిపోయిన చీర, ఒళ్ళో సగం అల్లిన లేసు. మధ్యాహ్నం పంటు మీద గోదావరి దాటి వచ్చింది. అప్పటి నుంచి అక్కడే కూర్చుంది.

"రంగు చుక్కలు పడతాయి, అక్కడ కూర్చోకమ్మా."

"పడితే పడనీండి. ఆ కిటికీ సువార్తమ్మ గారిదాండి?"

"అమ్మ నీకు తెలుసా?"

"మీ ఇంట్లో పనిచేశానండి."

"ఎప్పుడు?"

"మీరు పుట్టేదాకానండి."

చిన్నప్పుడు ఇంట్లో ఎందరో పనివాళ్ళు ఉండేవారు. రాజరత్నం వాచీ చూసుకున్నాడు.

"ఇప్పుడెక్కడుంటున్నావు?"

"రేవు అవతలండి. లేసు అల్లుకుంటాను. అల్లీ అల్లీ కళ్ళు పోయాయి. ఒక్కసారి ఇలా ఎండలోకి రండి బాబూ. నాకు చూపు ఆనదు."

"పనిలో ఉన్నానమ్మా."

ఆవిడ లేసు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"చూచుచున్న దేవుడు అని రాయించండి. హాగరు పెట్టిన పేరు. అమ్మగారు సాయంత్రం బైబిలు చదువుతుంటే, గిన్నెలు తోముకుంటా విన్నానండి. ఎవరూ లేనిచోట ఆయన తనని చూశాడని ఆ పేరు పెట్టిందంట."

రాజరత్నానికి చిర్రెత్తుకొచ్చింది. హాగరంటే అబ్రాహాము ఇంట్లో దాసి. యజమానురాలికి పిల్లల్లేకపోతే ఆ ఇంటికి కొడుకుని కనిచ్చింది. ఆనక కొడుకుతో సహా ఇంట్లోంచి పంపేశారు.

"గెంటేసిన దాసి పెట్టిన పేరు మా అమ్మ కిటికీకా?"

ముసలావిడ తల వంచుకుంది.

"హాగరుకైనా కొడుకునిచ్చి పంపారండి," అంది, తనలో తను అనుకున్నట్టు.

"ముందు నువ్వు లేమ్మా. రేపు పెద్దలొస్తారు, మెట్లు కడిగించాలి."

ఆవిడ లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, నీడలో నిలబడ్డ రాజరత్నం వైపు చూసింది. ఏం కనబడిందో ఏమో, గేటు దాటి రేవు దారి పట్టింది.

"యెహోవా షాలోమ్ అని రాసెయ్," అన్నాడు రాజరత్నం.

షాలోమ్ అంటే శాంతి. సువార్తమ్మ గారిది శాంత స్వభావమని ఊరంతా అంటారు. పేరు కుదిరింది. గుబులు మాత్రం కుదుటపడలేదు.

బుల్లియ్య ఆఖరి అక్షరం దిద్దుతుండగా గేటు దగ్గర రిక్షా ఆగింది. ప్రతిష్ఠ కోసం పాలకొల్లు నుంచి వచ్చిన మేనత్త సుగుణమ్మ దిగింది. మంచీ చెడ్డా అడక్కుండా అంది:

"ఇప్పుడు రేవులో పంటెక్కింది లోవమ్మ కాదేంట్రా?"

"ఏ లోవమ్మ?"

"చేతిలో లేసు ఉంది. నీతో ఏమైనా అందా?"

"కిటికీకి ఏదో పేరు చెప్పింది. వెళ్ళిపొమ్మన్నాను."

అత్త చేతిలో సంచీ కింద పెట్టేసింది. కిటికీ మీద పేరు చూసింది.

"అయితే వదిన నీకు చెప్పకుండానే పోయిందన్నమాట."

"ఏం చెప్పకుండా?"

"ఆవేళ దాన్ని పడవెక్కించింది నేనేరా. పచ్చి బాలింత. నీ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాం. వదిన బతికుండగా ఈ రేవు దాటి రానని."

మీరు పుట్టేదాకానండి. హాగరుకైనా కొడుకునిచ్చి పంపారండి. లోవమ్మ అన్న ఆ రెండు మాటలూ అప్పుడే నిజంగా విన్నాడు రాజరత్నం.

చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాడు.

పంటు అప్పటికే నడిగోదావరిలో ఉంది. జనం మధ్య వెలిసిపోయిన చీర ఒకటి ఇటే తిరిగి ఉంది.

పిలవబోయాడు. ఏమని పిలవాలో తెలుసు, పిలుపు అందే దూరం కాదు.

అంత దూరం నుంచి కన్నతల్లికి చూపు ఆనదని తెలిసీ, రేవు మెట్లు దిగి, నీడ వదిలి, ఎండలోకి వచ్చి నిలబడ్డాడు.