దిమ్మె మీది పెద్దలు

వేసవిలో వాగు ఎండిపోతే, లోతు మడుగులోంచి నీళ్లు తోడడానికి అడవి జంతువులన్నీ కలిసి తాటిచెట్టంత గాలిమర నిలబెట్టాయి. దాని కింద రాతి దిమ్మె మాత్రం ముగ్గురు పెద్దలు సర్దుకుని కూర్చునేంతే. గాలికి పడిపోతుందేమో చూసి చెప్పమని ఖడ్గమృగానికి అప్పగించారు.

ఎక్కడికెళ్లినా ఎత్తుమీద కూర్చోకపోతే ఖడ్గమృగానికి ప్రాణం ఒప్పదు. పరీక్షనాడు కూడా దున్నపోతునీ ఎలుగునీ వెంటేసుకొచ్చి, నేరుగా దిమ్మె ఎక్కి చతికిలబడింది.

"ఏం చూస్తున్నావ్, తొయ్యి!" అంది, మరని తోసి చూడ్డానికొచ్చిన ఏనుగుతో.

"మీరు దిగితే తోస్తానండీ."

"పరీక్ష చేసేవాళ్లం కింద నిలబడాలా? మా హోదా ఏం కావాలి?"

ఏనుగు నుదురు ఆనించి తోసింది. మర కదల్లేదు. ఖడ్గమృగం గర్వంగా కొమ్ము ఎగరేసింది. ముగ్గురి మెడల్లోనూ దండలు పడ్డాయి.

భోజనాలకి పిలుపొచ్చింది. పెద్దలు దిమ్మె దిగారో లేదో, ఓ మోస్తరు గాలి వీచింది. మర దిమ్మెతో సహా పెళ్లగిలి పాయసం గంగాళం మీద పడింది.

"దిమ్మెలో ఏ లోపమూ లేదు," అంది ఖడ్గమృగం, ముఖాన పడ్డ పాయసం తుడుచుకుంటూ. "మేం పైనున్నంతసేపూ కదిలిందా?"

"నిజమే," అంది సింహం. మరని మళ్లీ నిలబెట్టించి, ఆ ముగ్గుర్నీ దిమ్మె మీద కూర్చోబెట్టి, ఇక దిగడానికి వీల్లేదని ఆజ్ఞ వేసింది.

ఇప్పుడు మర బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఎండలో మాడుతూ ఖడ్గమృగం గుక్కెడు నీళ్లడిగితే, ఏనుగు తొండంతో అందిస్తూ అంటుంది:

"కడుపునిండా తాగండి బాబూ. మీరు ఎంత బరువెక్కితే మాకంత మంచిది."