గోడవైపు తిప్పిన బొమ్మ

"నా బొమ్మ మీద నీ రంగులేంట్రా?" అంటూ ఆమె ఆ కాన్వాస్‌ను గడ్డం పెంచిన తోటి చిత్రకారుడి ముందు ధడేల్మని పెట్టింది.

"గోడవైపు తిప్పి ఉందక్కా! వద్దనుకున్న బొమ్మను అలా తిప్పి పెడితే ఎవరైనా దానిమీద వేసుకోవచ్చని, ఈ సెల్లార్‌లో రూలు పెట్టింది నువ్వేగా?"

"నేను తిప్పలేదు. పది రోజులుగా ఆసుపత్రిలో అమ్మ దగ్గరున్నాను. ఎనిమిది నెలల కష్టంరా అది!"

ఆ సెల్లార్‌లో బొమ్మలు వేసేది ముగ్గురే. మూడో మనిషి, ఆమె ఏడేళ్ల నేస్తం, సింకు దగ్గర ఎప్పుడో శుభ్రమైపోయిన కుంచెను ఇంకా కడుగుతూనే ఉంది.

"నువ్వేనటే?"

నేస్తం కుళాయి కట్టేసింది. "కళ్లముందు లేకపోతే చాలనుకుని తిప్పానే. దాన్ని చూశాక నా చెయ్యి ఆడటం మానేసింది. వీడు దానిమీద తెల్లరంగు పూస్తుంటే మాత్రం ఆపబుద్ధి కాలేదు. అంత బాగుంది నీ బొమ్మ."

కొట్టడానికి లేచిన ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. ఏడేళ్లుగా ప్రతి బొమ్మా ముందు దీనికే చూపించింది. "పర్లేదు" తప్ప ఇంకో మాట దీని నోట వినలేదు.

"ఏదీ, మళ్లీ అను," అంది.