రెండో కాలు

లింబాద్రి చిన్నప్పటి నుంచి బర్రెలను సాకినవాడు. టాంగా కోసం గుర్రాన్ని కొన్నది నిరుడే. అది ఒక్క పిల్లను ఈని ఇది మూడో రాత్రి. ఒళ్ళు కాలిపోతోంది. ఆగకుండా గిట్టలతో నేలను తన్నుతోంది. ఆర్మూరంతా ఉడికిన పసుపు వాసన కమ్మినా, కొట్టంలో కుళ్ళు కంపే పైకి తేలుతోంది.

ముసలి టాంగావాలా ఖాసిం వచ్చి చూసి ఒక్కటే అడిగాడు.

"ఈనినంక పడ్డ మాయను పరిచి చూసినవా?"

"ఎందుకు చాచా? బర్రె మాయ లెక్కనే కుక్కలు ముట్టకుండ పాతిపెట్టిన."

"గుర్రం మాయ పాయిజామా లెక్కుంటది. రెండు కాళ్ళుండాలె. తవ్వి చూడు. ఒకటే ఉంటే రెండోది కడుపుల మురుగుతున్నట్టు. గప్పుడు నన్ను పిలువకు బిడ్డా. నాతోని గాదు."

ఆయన వెళ్ళిపోయాడు.

లింబాద్రి కొట్టం వెనక లాంతరు పెట్టుకుని తవ్వాడు. మాయను గోనెసంచి మీద పరిచాడు. ఒక కాలు ఉంది. రెండోది తొడ దగ్గరే తెగింది. గుంతంతా చేతులతో దేవులాడాడు. లేదు.

అప్పుడే కొట్టంలో గిట్టల చప్పుడు ఆగిపోయింది. గుర్రం పని అయిపోయిందనుకుని అతను గుంత దగ్గరే ఉండిపోయాడు. లోపల పిల్ల చప్పరిస్తూ పాలు తాగుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"తాగు బిడ్డా," అన్నాడు. "ఉన్నన్ని తాగు."

వెనక నుంచి తడి మూతి ఒకటి అతని మెడను తాకింది. తిరిగి చూశాడు. పిల్లే. ఆకలికి అతని అంగీ అంచు నోట పట్టుకుంది.

కొట్టంలో పాలు తాగే చప్పుడు ఇంకా ఆగలేదు.