కప్పు మీద తడిగుడ్డ

ఇంకాస్త దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

వెబ్‌సైట్లు తయారుచేసే కొడుకొకడు ఉండేవాడు. మంచాన పడ్డ తల్లికి రాత్రంతా ఊపిరి మిషను నడవాలని ఇంటి కప్పు మీద పన్నెండు సోలార్ ప్యానెళ్లు పెట్టించాడు. ఏది ఎంత కరెంటు ఇస్తోందో కంప్యూటర్లో చూసుకోవడానికి తనే ఒక పేజీ కట్టుకున్నాడు, ప్యానెల్‌కో పచ్చ గడి. దుమ్ము పడితే బ్యాటరీ నిండదు, మిషను తెల్లారేదాకా నడవదు. ఆ వారం పనిలో పడి తుడవడమే మరిచాడు. అయినా బ్యాటరీ రోజూ నిండుతూనే ఉంది.

ఒక సాయంత్రం, ఇంకా కాస్త వెలుగుండగానే, పేజీ తెరిచాడు. మొదటి గడి నల్లబడి, మళ్లీ పచ్చబడింది. తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది, ఎవరి నీడో వరసగా దాటుతున్నట్టు. పైన అద్దం మీద తడిగుడ్డ కిర్రుమంటోంది. నిచ్చెన చూస్తే గదిలోనే ఉంది.

"పైన ఎవర్రా?" అంది తల్లి.

"పిల్లేమోనమ్మా."

"పిల్లి అంత బుద్ధిగా తుడిస్తే నిన్నెందుకు కన్నాను? వారం నుంచీ వింటున్నా. పాపం, గ్లాసుడు నీళ్లు పెట్టిరా."

వాడికి నవ్వొచ్చింది. నిచ్చెన వేసుకొని ఎక్కి, తల ఎత్తకుండా కప్పు అంచున గ్లాసు పెట్టి, దిగి, నిచ్చెన లోపలికి తెచ్చేశాడు.

కిర్రు ఆగింది. కాసేపటికి ఖాళీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. మళ్లీ కిర్రు మొదలైంది. తల్లి హాయిగా నిద్రపోయింది.

ఎవరని నన్నడక్కండి. గుర్తుంచుకొని మీవాళ్లకూ చెప్పండి, ఆ గ్లాసు సంగతి మాత్రం వదలకుండా.