గోడలో దేవత

నేను సుత్తి ఎత్తానో లేదో, వంటింట్లోంచి అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చేసింది. కరోనా వచ్చిపోయాక ఆమెకు నాలుగడుగులకే ఆయాసం.

"నీకేమైనా మతి పోయిందా పెయ్‌లిన్? కడుపుతో ఉన్నదానివి మేకు కొడతావా? కడుపులో బిడ్డను కాచే పిండదేవత ఇవాళ ఆ గోడలోనే ఉంది. దెబ్బ బిడ్డకే కదా తగిలేది!"

"మరిచిపోయాను అత్తయ్యా."

"ఎందుకు గుర్తుంటుందిలే! తైపేలో పెరిగినదానివి. మా తైనాన్‌లో చంటిపిల్లనడిగినా చెబుతుంది."

సుత్తి లాక్కుని చీపురు వెనక దాచింది. తర్వాత నా పొట్ట మీద చెయ్యి వేసి, "భయపడకురా కన్నా, మీ అమ్మకు బుద్ధి లేకపోయినా నేనున్నానుగా," అంది.

గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న మా ఆయన ముఖం తిప్పుకున్నాడు.

నాకూ అత్తయ్యకూ ఒకేసారి వచ్చిన ఆ జ్వరంలో బిడ్డ నా కడుపులోనే పోయి ఏడాది దాటింది. అత్తయ్య ఆసుపత్రి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది గానీ, ఆమె జ్ఞాపకం మాత్రం ఆ నెల దగ్గరే ఆగిపోయింది.

"ఇవాళైనా అమ్మకు నిజం చెప్పేద్దాం," మెట్ల మీద ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "రోజూ ఈ తిట్లు నువ్వెందుకు పడాలి?"

"వద్దండీ. పెద్దావిడ, తట్టుకోలేదు."

ఆయన వెళ్లాక, చీపురు వెనక ఉన్న సుత్తిని తీసి రేపటికి చేతికందేలా పెట్టుకున్నాను.

ఆ గోడకు తగిలించడానికి నా దగ్గర ఏమీ లేదు. నా బిడ్డను కన్నా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. నేను సుత్తి ఎత్తితేనే పిలుస్తుంది.